అత్తగారి తొట్టిలో నాలుగు ఎరువులు

మా అత్తగారు ఫుసాయె పెళ్ళై ఈ ఇంటికి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న సామానులో ఒక బీరువా, ఒక కుట్టుమిషను, తడిగోనెలో చుట్టిన ఒక తామరదుంప ఉన్నాయట. బీరువాకి చెదపట్టింది. కుట్టుమిషను మూలపడింది. దుంప మాత్రం వసారా ముందు మోకాలెత్తు మట్టితొట్టిలో స్థిరపడి, ఏటా వేసవిలో పూస్తూ వచ్చింది. ఆవిడ పుట్టింటి ఊళ్ళో ఒకప్పుడు పెద్ద చెరువుండేది. దాన్ని ఎండగట్టి పొలాలుగా మార్చినప్పుడు చేతికందిన దుంపల్ని జనం తొట్లలోకి ఎత్తుకున్నారు. ఆ లేత గులాబీరంగు పువ్వు క్యోతోకి దక్షిణాన మా చుట్టుపక్కల చాలా పెరళ్ళలో కనిపించేదని చెబుతారు. ఇప్పుడా పెరళ్ళలో కార్లు నిలుపుతున్నారు. మాకు తెలిసినంతవరకు మిగిలింది మా తొట్టి ఒక్కటే.

అత్తగారు నిరుడు శరత్కాలంలో పోయారు.

ఈ ఏడు చెర్రీ మొగ్గలు వేస్తున్న రోజుల్లో మా మామగారు తొకుజో వసారా అంచున కూచుని, తొట్టికేసి చూస్తూ అన్నారు.

"ఆగస్టులో మొదటి ఓబోన్. ఫుసాయె ఇంటికొస్తుంది. వచ్చేసరికి తన పువ్వు తన ముందుండాలి."

పోయినవాళ్ళు పెద్దల పండగైన ఓబోన్‌కి ఇంటికి రావడం మాకు కొత్త కాదు. మామగారు ఇంత పొడుగు మాట మాట్లాడటమే కొత్త. ఆయనకి రోజు గడవడానికి మూడు మాటలు చాలు. స్నానం, అన్నం, నిద్ర. అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఆ మూడింటికీ ముందే అన్నీ అమర్చేవారు కాబట్టి ఆ మూడు కూడా ఎక్కువే.

తొట్టిలో తామర తనంతట తాను బతకదు. ఏటా వసంతంలో తొట్టి బోర్లించి, దుంపలు కడిగి, మంచి కొన ఉన్నదాన్ని ఎంచి, కొత్త బురదలో పెట్టి, అడుగున ఎరువు వేయాలి. ఈ పని అత్తగారు ఒక్కరే చేసుకునేవారు. ఎవరైనా దగ్గరికి వెళితే, "కొన విరుగుతుంది, అవతలికెళ్ళు" అనేవారు. కాబట్టి ఆవిడ ఏం ఎరువు వేసేవారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

అంటే, అందరికీ తెలుసు. అదే వచ్చిన చిక్కు.

"నిషిన్ వేసేది. ఎండుచేప. బజారు నుంచి తెచ్చేది నేనేగా," అన్నారు మామగారు.

కంచె అవతల దుప్పటి దులుపుతున్న నిషివాకిగారి చెయ్యి ఆగిపోయింది. ఆవిడ మా పొరుగావిడ, అత్తగారికి ప్రాణస్నేహితురాలు. మా ఇంట్లో మాట్లాడుకునే మాటలు ఆవిడకి వినిపించవని మేము, వినలేదన్నట్టు ఆవిడ, ఎంతోకాలంగా నటిస్తున్నాం.

"ఏం నిషిన్ అండీ బాబూ! ఆవాల చెక్క! ఏటేటా నా చేత్తో పొట్లం కట్టిచ్చేదాన్ని. నా ముందే తొట్టిలో వేసేది!"

"గుళికల ఎరువు," అన్నాను నేను. "నేను కొనుక్కొచ్చి ఇచ్చిందే. వేస్తుంటే కళ్ళారా చూశాను."

"నీకేం తెలుసు కోడలమ్మా, నువ్వు నిన్నగాక మొన్న వచ్చావు."

నేను ఈ ఇంటికి వచ్చాక పుట్టిన మా అమ్మాయి ఒసాకాలో ఉద్యోగం చేసుకుంటోంది. అయినా నిషివాకిగారి లెక్కలో నేను నిన్నగాక మొన్నే.

మా ఆయన మసనోరి పేపర్లోంచి తల ఎత్తకుండానే, "ఏది వేస్తేనేం? అది పూసేదయితే పూస్తుంది," అన్నాడు. కన్నతల్లి తామర గురించి ఆయన అన్నది అంతే. తల్లి గురించి కూడా ఆయన అంతకుమించి ఏమీ అనలేదు. అంత్యక్రియల రోజున వచ్చినవాళ్ళ చెప్పులు వరసగా సర్దుతూ గడిపాడు.

నేను కాలేజీలో జీవశాస్త్రం చదువుకున్నాను. ఆ చదువు ఇన్నాళ్ళూ నాకు సోయాగింజలు నానబెట్టడంలో ఎంతో ఉపయోగపడింది. ఇప్పుడు దాన్ని బయటికి తీశాను.

"పోట్లాట ఎందుకు? పరీక్ష పెడదాం," అన్నాను. "నిషివాకిగారి దగ్గర తెల్లతామర దుంపలున్నాయి కదా. మూడు తొట్లు పెడదాం. ఒకదానికి నిషిన్, ఒకదానికి ఆవాల చెక్క, ఒకదానికి గుళికలు. ఏది బాగా ఎదిగితే అదే అమ్మ తొట్టికి. అందాకా అమ్మ తొట్టికి ఏమీ వేయొద్దు. ఎవరూ."

"పస్తా?" అన్నారు మామగారు. ఆయన ముఖం చూస్తే నేను అత్తగారికి అన్నం పెట్టొద్దన్నట్టుంది.

"పస్తు కాదు నాన్నగారూ. దుంపలోనే మొలకకి కావలసిన తిండి ఉంటుంది. మొదట్లో ఎరువు ఎక్కువైతేనే ప్రమాదం."

అందరూ ఒప్పుకున్నారు. నిషివాకిగారు, "చూద్దాంలే, మీ కాలేజీ ఎరువు ఏపాటిదో," అంటూ ఒప్పుకున్నారు.

ఆదివారం పొద్దున్న అత్తగారి తొట్టి బోర్లించాం. ఏడాదంతా లోపల తిరిగి తిరిగి, తొట్టి ఆకారంలోనే చుట్టలు చుట్టుకుపోయిన దుంపలు బురదతో సహా ఒక్క ముద్దగా జారాయి. గొట్టంతో నీళ్ళు పోస్తూ మామగారే విడదీశారు. ఆయన చేతులు ఈమధ్య వణుకుతున్నాయి. టీ తాగితే సగం పళ్ళెంలోనే ఉంటుంది. ఆ పొద్దున్న మాత్రం, లేత మొలక కొన బయటపడేసరికి, ఆయన ఊపిరి బిగబట్టి రెండు చేతులూ నీళ్ళలోనే ఉంచేసి కదలకుండా కూచున్నారు. నేనే పక్కనుంచి మెల్లగా పైకి తీశాను. కొన విరగలేదు.

"ఊఁ," అన్నారు. మూడు మాటలకీ బయటిది.

మే నెలలో అన్ని తొట్లలోనూ చిన్న చిన్న ఆకులు నీళ్ళమీద తేలాయి. జూన్ వానలు మొదలయ్యేసరికి గోడపక్కనున్న తెల్లతామరలు గుళికల తొట్టితో మొదలుపెట్టి ఒక్కొక్కటీ నీళ్ళపైకి కాడలెత్తి ఆకులు విప్పసాగాయి. తామరలో అసలు సంగతి అదే. నీళ్ళమీద తేలే ఆకులు మొక్క బతికుందని చెబుతాయి, అంతే. కాడమీద నిలబడే ఆకు వస్తేనే పువ్వు మీద ఆశ.

అత్తగారి తొట్టిలో అన్నీ తేలే ఆకులే. అవీ ఉప్పు పెట్టుకునే చిన్న పళ్ళెమంతేసి.

"చిక్కిపోయింది," అన్నారు మామగారు భోజనాల దగ్గర.

"ఓపిక పట్టాలి నాన్నగారూ."

ఓపిక పట్టమని చెప్పిన మనిషి ఓపిక పట్టాలని ఎక్కడా రాసి లేదు. రెండురోజుల తరవాత బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళాను. ఒక చేతిలో బట్టల బుట్ట, ఇంకో చేతిలో గుళికలు. గుప్పెడు అనడం అన్యాయం. ఏదో, కూరలో ఉప్పు వేసినంత. కొంచెం ఉప్పగా తినేవాళ్ళ ఇంట్లో. అత్తగారి తొట్టిలో మొదలు దగ్గర బురదలోకి వేలితో గుచ్చి వచ్చేశాను. పరీక్షలో మూడు తొట్లలోనూ నా గుళికలదే ముందుంది కదా, ఫలితం తేలినట్టే కదా అని నాకు నేను నచ్చచెప్పుకున్నాను. నేను చాలా తొందరగా ఒప్పుకునే మనిషిని.

వారం గడిచింది. నిషివాకిగారి పిల్లి గొమా మా పెరట్లో మకాం పెట్టింది. నిషిన్ వేసిన తెల్లతామర తొట్టి దగ్గర అది తచ్చాడటం మామూలే. ఇప్పుడు అత్తగారి తొట్టి అంచుమీద కూచుని, దైవదర్శనానికి వచ్చిన భక్తురాలిలా కళ్ళు మూసి తెరుస్తూ, మధ్యమధ్య పంజాతో నీళ్ళు కెలుకుతోంది. "పాపం, దీనికీ ఫుసాయెగారి మీద బెంగ," అన్నారు నిషివాకిగారు. నిజమే కాబోలనుకున్నాను.

ఆ తరవాత ఒక పొద్దున్న దోమపిల్లల్ని తినడానికి తొట్టిలో వదిలిన మెదాకా చేపలు నీటిపైకి మూతులు పెట్టి నోళ్ళు తెరుచుకుంటున్నాయి. ఆకుల అంచులు సెగ తగిలిన కాగితంలా గోధుమరంగుకి తిరిగి ముడుచుకుపోయాయి. నీళ్ళమీద నూనెతెట్టు. వాసన గురించి చెప్పను. ఈ కథ చదివేవాళ్ళలో భోజనం చేస్తున్నవాళ్ళు ఉండొచ్చు.

"నాన్నగారూ!" అని కేకేశాను.

మామగారు వచ్చి చూశారు. ఆయన ముఖం కూడా ఆ ఆకుల రంగుకి తిరిగింది. కంచె సందులోంచి నిషివాకిగారు పిలవకుండానే వచ్చేశారు.

చేపల్ని గిన్నెలోకి మార్చి, నీళ్ళు తోడిపోశాం. నేను బురదలో చెయ్యిపెట్టాను. మెత్తగా ఏదో తగిలింది. బయటికి తీస్తే నిషిన్ చేప, సగం కుళ్ళింది. దాని వెనకాలే ఇంకొకటి. గొమా నేలమీద పడి పొర్లింది.

నేను మామగారికేసి చూశాను. ఆయన ఆకాశంకేసి చూశారు.

"చిక్కిపోయింది కదా మరి," అన్నారు.

"మేమందరం మాటిచ్చి కూచుంటే మీరు దొంగచాటుగా చేపలు పెడతారా తొకుజోగారూ! ఈ వయసులో!" అని నిషివాకిగారు నడుం మీద చేతులు పెట్టుకున్నారు. అప్పటికి నా చేతికి ఆవాల చెక్క ముద్ద ఒకటి వచ్చింది. నేను దాన్ని ఆవిడ ముందే పాత పేపర్ మీద పెట్టాను.

ఆవిడ చేతులు నడుం మీంచి దిగాయి.

"అది... ఎలకలు లాక్కొచ్చి ఉంటాయి."

"పొట్లం కాగితంతో సహానా?"

"నీ పరీక్ష తేలేలోపు అది పోతుందేమోనని భయమేసిందే కోడలమ్మా. నేనిచ్చిందే కదా అది తినేది ఇన్నాళ్ళూ..." అంటూనే ఆవిడ వంగి నా మోచేతి పక్కన బురద కెలికారు. చిన్న చిన్న గుళికలు పసుపుపచ్చగా మెరిశాయి. ఆవిడ ఒకటి తీసి, అరచేతిలో పెట్టుకుని, ఎండకి ఎత్తి చూశారు. బంగారం నాణ్యం చూసే మనిషిలా. "ఇవి కాలేజీవి కావూ?"

నేను మాట మార్చడానికి తొట్టి అంచు వెంబడి తడిమాను. అక్కడ ఆకు చాటున ఆకుపచ్చ ప్లాస్టిక్ బుడ్డి ఒకటి, మూతి కిందికి పెట్టి గుచ్చి ఉంది. కుండీ మొక్కలకి పెట్టే ద్రవపు ఎరువు. పక్కన ఇంకొకటి. ఆ పక్కన ఇంకొకటి. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముగ్గురం తల అడ్డంగా ఊపాం. నేరాలన్నీ బయటపడ్డాక అబద్ధమాడాల్సిన పని ఎవరికీ లేదు.

సాయంత్రం మసనోరి ఆఫీసు నుంచి వచ్చేసరికి వసారాలో పేపర్ మీద చేపలు, చెక్క, గుళికలు, బుడ్డీలు వరసగా పరిచి ఉన్నాయి. ఆయన ఒక చేత్తో టై వదులు చేసుకుంటూ నిలబడిపోయాడు. ఎవరూ అడగలేదు.

"హాస్పిటల్లో అడిగింది," అన్నాడు. "నిరుడు జూలైలో. 'తొట్టికి ఏమన్నా పెట్టావురా, ఆకలిమీద ఉంటుంది' అని. పెట్టానమ్మా అన్నాను."

టై తీసి చుట్ట చుట్టాడు.

"పెట్టలేదు. ఆఫీసులో పని. మర్చిపోయాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ పెట్టానన్నాను. 'అయితే సరే' అంది."

నిషివాకిగారు ముక్కు చీదుకున్నారు. గొమా చేపల దగ్గరికి జరుగుతుంటే నేను కాలితో అడ్డుపెట్టాను. మామగారు బుడ్డీలలో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "ఇది మంచిదేనా?" అన్నారు కొడుకుతో.

"దుకాణం వాడు మంచిదన్నాడు నాన్నా."

"ఊఁ."

"అసలింతకీ ఫుసాయెగారు వేసింది ఏది?" అన్నారు నిషివాకిగారు. "ఎవరికి వాళ్ళం ప్రమాణం చేస్తున్నామే!"

మామగారు పేపర్ మీది సరుకుని ఇటునుంచి అటు చూశారు.

"అన్నీనేమో," అన్నారు. "ఎవరిచ్చింది వాళ్ళ ఎదురుగా ఇంత చిదిపి వేసేది. మిగతాది దాచేసేది. ఎవరికీ లేదనేది కాదు కదా, ఫుసాయె."

మర్నాడు ఆయన కొట్టాంలోంచి ఎండుచేపల కట్టలు రెండు, పాత ఆవాల చెక్క పొట్లాలు, సగం వాడిన గుళికల సంచీ బయటపెట్టారు. నిషివాకిగారు తన చేతిరాత ఉన్న పొట్లం తీసి చూసుకుని, "దొంగ ముండ," అన్నారు ఎంతో ప్రేమగా.

దుంప సగానికి పైగా నల్లబడి మెత్తబడిపోయింది. చివర ఒకే ఒక్క తీగ, వేలెడంత మొలక కొనతో, తెల్లగా బతికి ఉంది. దాన్ని కడిగి, ఎరువు సోకని పొలం బురదలో పెట్టాం. ఈసారి తొట్టి పక్కన మసనోరి అట్టముక్క ఒకటి నిలబెట్టాడు. "దయచేసి ఏమీ పెట్టకండి." అది పిల్లికో మాకో తెలియదు.

జూలైలో తెల్లతామరలు పోటీపడి పూశాయి. గుళికలది ముందు పూసింది. చెక్కది ఎక్కువ పూసింది. నిషిన్‌ది పళ్ళెమంత పూసింది. పరీక్షలో ఎవరు గెలిచారో ఇప్పటికీ తేలలేదు, తేలే సూచనలూ లేవు. మామగారు మాత్రం ప్రతి పొద్దున్నా వాటిని దాటుకుని అత్తగారి తొట్టి దగ్గరికే వెళ్ళి కూచునేవారు. తేలే ఆకు ఒకటి, ఇంకొకటి. ఆగస్టు మొదట్లో, ఎట్టకేలకు, చుట్టచుట్టుకున్న ఒక ఆకు నీళ్ళపైకి జానెడు లేచి విప్పుకుంది. పిల్లల అరచేయంత ఉంటుందేమో. దాని పక్కన మొగ్గకోసం ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మరీ వెతికారు. మొగ్గ లేదు.

ఓబోన్ మొదటిరోజు వచ్చింది. నేను పెద్దల పీఠం తుడిచి, పోయినవాళ్ళు ఎక్కి రావడానికి దోసకాయ గుర్రానికీ, తిరిగి వెళ్ళడానికి వంకాయ ఆవుకీ పుల్లల కాళ్ళు గుచ్చి పెట్టాను. వంకాయ, దోసకాయ సన్నగా తరిగి బియ్యంతో కలిపి సిద్ధం చేశాను. దాన్ని తామరాకు మీద పెట్టి పెద్దల ముందుంచాలి. నిషివాకిగారు పొద్దున్నే తెల్లతామరలు, పెద్ద పెద్ద ఆకులు కోసి తెచ్చి, "ఇవి చాలు కదా?" అని నా చెవిలో అడిగారు.

మామగారు కత్తెర పట్టుకుని పెరట్లోకి నడిచారు.

నేను వసారాలోంచి చూస్తున్నాను. పువ్వెలాగూ లేదు, కనీసం తన ఆకైనా తన ముందుండాలని ఆయన కోరిక. ఆ ఒక్క ఆకూ కోసేస్తే శీతాకాలానికి దుంప ఊరదని, వచ్చే వసంతానికి తొట్టి బోర్లిస్తే బురద తప్ప ఏమీ ఉండదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. చెబుదామని నోరు తెరిచాను. ఈ ఏడు తామరల గురించి నేను చెప్పాల్సిన దానికన్నా ఎక్కువే చెప్పానని గుర్తొచ్చి మూసుకున్నాను. మసనోరి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"చెప్పొద్దా?" అన్నాను.

"ఆయన్ని చూడనీ."

మామగారు కాడ దగ్గర కత్తెర పెట్టారు. తీసేశారు. మళ్ళీ పెట్టారు. ఆకుమీద తెల్లవారుజాము మంచుచుక్క ఒకటి, గాజుపూసలా, ఇటు దొర్లి అటు దొర్లింది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. తరవాత కత్తెర మూసి జేబులో పెట్టుకున్నారు.

"చిసాకో," అని నన్ను పిలిచారు. "ఆ పళ్ళెం ఇటు తీసుకురా."

"పీఠం దగ్గర పెట్టాలి కదా నాన్నగారూ?"

"అక్కడ తెల్లవి పెట్టు. ఫుసాయె పీఠం దాకా వచ్చేలోపు ఎలాగూ ఇక్కడ ఆగుతుంది."

అది నిజం. బయటినుంచి వస్తే చెప్పులు విప్పకముందే తొట్టిలోకి తొంగిచూడని రోజు అత్తగారికి లేదు.

పళ్ళెం తెచ్చాను. ఆయన వంకాయ ముక్కలు, బియ్యం ఒక చెంచాడు తీసి, కొయ్యకుండా, ఉన్నచోటే ఉన్న ఆ చిన్న ఆకు మధ్యలో పెట్టారు. చేతులు జోడించారు. మసనోరి కూడా వసారా దిగి వచ్చి ఆయన వెనక నిలబడి చేతులు జోడించి, పెదవులు కదిపాడు. ఏమన్నాడో నేను వినలేదు, వినడానికి ప్రయత్నించలేదు కూడా. అది నాకు కొంచెం కష్టమే అయింది.

ఆకు బరువుకి మెల్లగా ఒరిగింది. నాలుగు గింజలు, రెండు ముక్కలు జారి నీళ్ళలో పడ్డాయి. మెదాకాలు బిలబిలమంటూ వచ్చాయి.

కంచె అవతలనుంచి కేక వినిపించింది.

"మళ్ళీ ఎరువు వేస్తున్నారా తొకుజోగారూ? మాటిచ్చారు!"

"ఎరువు కాదు," అన్నారు మామగారు తల తిప్పకుండా. "భోజనం."

మిగిలిన నాలుగు గింజల్ని కూడా ఆయన చిటికెనవేలితో నెమ్మదిగా నీళ్ళలోకి తోశారు. ఆకు మళ్ళీ నిటారుగా లేచి నిలబడేదాకా కాడ కింద అరచెయ్యి అడ్డుపెట్టి ఉంచారు.